"స్టేషన్‌లో ఉంటుందిలే" అనుకోకండి: పాత రేడియో టేపుల మీద అపోహలు, వాస్తవాలు

నెలకు నాలుగైదు ఫోన్లన్నా వస్తాయి ఇలాంటివి. "అన్నా, మా నాయన 1994లో మన ఊరి రేడియోలో హరికథ చెప్పినాడు. ఆ టేపు బయటికి తీయించాలంటే ఎవరిని అడగాల?" బీరువాలో భద్రంగా ఉంది, తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలిస్తే చాలు అన్నట్టు అడుగుతారు. నాకు ప్రతిసారీ ఒక నిమిషం నోట మాట రాదు.

నేను బెంగళూరులో పాత స్పూళ్లు (టేపు చుట్టిన చక్రాలు), క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేస్తాను. అంతకుముందు కొన్నేళ్లు రాయలసీమలో ఆకాశవాణి లోకల్ స్టేషన్ ఒకదాంట్లో క్యాజువల్‌గా, అంటే తాత్కాలిక ఉద్యోగిగా, పనిచేశాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అనంతపురం, హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లే. కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా.

అపోహ: రేడియోలో వచ్చిందంతా స్టేషన్‌లో దాచి ఉంచుతారు.

ఉంచేవాళ్లు కాదు. పావు అంగుళం టేపు సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో తిరుగుతుంది. 1200 అడుగుల స్పూల్‌లో పట్టేది అరగంట, మహా అయితే ఇంకో రెండు నిమిషాలు. రోజూ గంటల తరబడి ప్రసారం చేసే స్టేషన్‌కి ఎన్ని స్పూళ్లు కావాలో మీరే లెక్కేసుకోండి. ఆ రోజుల్లో టేపు ఖరీదైన సరుకు, పైనుంచి వచ్చేది కొంచెమే. అందుకే కార్యక్రమం ప్రసారమయ్యాక, అవసరమైతే పునఃప్రసారం కూడా అయ్యాక, ఆ టేపు చెరిపి మళ్లీ వాడేవాటి లిస్టులో చేరేది. ఆర్కైవ్‌కి వెళ్లేవి ఏరి పక్కన పెట్టినవే: పెద్ద విద్వాంసుల కచేరీలు, నాయకుల ప్రసంగాలు, అలాంటివి. పక్క పల్లె నుంచి బస్సెక్కి వచ్చి అరగంట కథ చెప్పి వెళ్లిన మనిషి టేపు ఆ వరసలోకి రావడం చాలా అరుదుగా జరిగేది.

ఇది ఎవరో చెబితే విన్నది కాదు, చెరిపిన చేతుల్లో నావీ ఉన్నాయి. బల్క్ ఎరేజర్ అని, టేపు మొత్తాన్ని అయస్కాంతంతో ఒకేసారి చెరిపే ఒక బరువైన డబ్బా ఉండేది. ముందు చేతి గడియారం తీసి దూరంగా పెట్టాలి, లేదంటే అది పాడైపోతుంది. స్విచ్ వేస్తే గుంయ్‌మంటుంది. స్పూల్‌ని దాని మీద పెట్టి మెల్లగా రెండు మూడు చుట్లు తిప్పి, అంతే మెల్లగా చెయ్యి చాచినంత దూరం తీసుకెళ్లి, అప్పుడు ఆపాలి. దగ్గరుండగానే ఆపేస్తే టేపులో చప్పుడు మిగిలిపోతుంది. ఒక అట్టపెట్టె మీద చీటీ ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. వేరుశనగ తెగుళ్ల మీద ప్రసంగం, కొట్టేసి దాని కింద భజన పాటలు, అదీ కొట్టేసి యువవాణి (కుర్రవాళ్ల కార్యక్రమం) కవిసమ్మేళనం, అదీ కొట్టేసి బాలింతల ఆహారం గురించి డాక్టరమ్మతో ముఖాముఖి. నాలుగు రంగుల సిరా, ఒకటే టేపు. ఐదోది నేను రాశాను.

అప్పుడు బాధ అనిపించిందా అంటే లేదు. సాయంత్రం ప్రసారానికి ఖాళీ టేపు కావాలి, అదొక్కటే టెన్షన్.

ఇప్పటి కమ్యూనిటీ రేడియోలైతే, అంటే స్థానిక జనం కోసం సంస్థలు నడిపే చిన్న స్టేషన్లైతే, అన్నీ దాస్తాయనుకుంటున్నారేమో. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా స్టేషన్ పెట్టుకునే వీలు వచ్చింది, 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు సంఘం రేడియో మొదలుపెట్టారు. ఇలాంటి స్టేషన్లకు ఉన్న నిబంధన ఏమిటంటే ప్రసారమైనదాన్ని మూడు నెలలు దాచాలి. మూడే నెలలు. ఆ తర్వాత ఉంచారంటే వాళ్ల ఇష్టంతో ఉంచినట్టు.

ఈ అపోహను ఇంతగా పట్టుకుని సాగదీయడానికి కారణం ఉంది. స్టేషన్‌లో ఉంటుందిలే అన్న ధీమాతో జనం ఇంట్లో ఉన్న క్యాసెట్లు పారేస్తున్నారు. మొదట్లో చెప్పిన హరికథ టేపు కోసం నాకు ఫోన్ చేసిన ఆ అమ్మాయిది కదిరి, తను ఇల్లు మారేటప్పుడు ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు పాత సామానుకు వేసేసింది. టూ ఇన్ వన్‌లో (రేడియో, క్యాసెట్ రికార్డర్ కలిసున్న పెట్టె) వాళ్లమ్మ రేడియో నుంచి రికార్డు చేసినవవి, కరకరమంటాయి, మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తుంది, ఎలాగూ అసలుది రేడియో వాళ్ల దగ్గర ఉంటుంది కదా అనుకుంది. అసలుది ఆ కుక్కర్ విజిల్ ఉన్నదే. ఆ మాట ఫోన్లో చెప్పడం ఎంత కష్టమో చూడండి. "అంటే నాయన చెప్పింది బాగలేదని చెరిపినారా అన్నా?" అని అడిగింది. లేదమ్మా, జిల్లాలో పేరు మోగినవాళ్ల టేపులు కూడా నేనే చెరిపాను అన్నాను.

అలాంటప్పుడు ఎక్కడ వెతకాలి? ముందు ఆకాశవాణి వాళ్లు పంపిన కాంట్రాక్టు కాగితం ఇంట్లో ఉందేమో చూడండి. అందులో తేదీ, నిడివి, ఇచ్చిన పారితోషికం ఉంటాయి. ఆ కాగితం పట్టుకుని స్టేషన్‌లో ఒకసారి అడగండి, ఎవరో ఆఫీసరు మనసు పడి పక్కన పెట్టి ఉండొచ్చు. ఒకసారి చాలు, దాని మీదే ఆశ పెట్టుకోకండి. అసలు వెతకాల్సింది పక్కవాద్యాల వాళ్ల ఇళ్లలో. హరికథ చెప్పినాయన స్టూడియోలో ఉంటాడు కాబట్టి రికార్డు చేసుకోలేడు, ఒకవేళ ముందే రికార్డింగ్ అయి ఉంటే ప్రసారం రోజున ఆయన ఇంట్లో, హార్మోనియం వాయించినాయన ఇంట్లో, మృదంగం ఆయన బావమరిది ఇంట్లో, ఎవరో ఒకరు బటన్ నొక్కి ఉంటారు. కదిరి అమ్మాయికి పదకొండు నిమిషాలు అలాగే దొరికింది, మృదంగం ఆయన కొడుకు దగ్గర, సినిమా పాటల క్యాసెట్ రెండో వైపున.

ఇక వాట్సాప్‌లో తిరిగే ఆ మెసేజ్, ఫలానా నంబరుకు ఫోన్ చేస్తే పాత రికార్డింగులన్నీ ఉచితంగా పంపిస్తారు అన్నది, దయచేసి నాకు పంపకండి. ఇప్పటికి ముప్పై సార్లు చూశాను.

మిగతావి త్వరత్వరగా.

ఎఫ్ఎం ప్రైవేటు వాళ్లు తెచ్చారన్నది తప్పు. ఆకాశవాణి 1977 జులైలోనే మద్రాసులో ఎఫ్ఎం మొదలుపెట్టింది. బెంగళూరులో మొదటి ప్రైవేటు ఎఫ్ఎం వచ్చింది 2001లో. ఒకాయన క్యాసెట్ మీద "ఎఫ్ఎం" అని రాసి ఉంది కాబట్టి 2001కి ముందే పోయిన వాళ్ల నాన్నది అయ్యుండదని పక్కన పడేశాడు. పెట్టి వింటే ఆయనదే.

చిన్న ఊళ్ల స్టేషన్లన్నీ బ్రిటిష్ కాలం నాటివన్నదీ తప్పే. ఆకాశవాణి మొదటి లోకల్ స్టేషన్ నాగర్‌కోయిల్, 1984. అలాగే "ఆకాశవాణి" పేరు ఢిల్లీలో పుట్టిందనుకునేవాళ్లు మైసూరు కథ తెలుసుకోవాలి. 1935లో గోపాలస్వామి అనే సైకాలజీ ప్రొఫెసర్ తన ఇంట్లోనే చిన్న స్టేషన్ పెట్టి నడిపాడు, ఆకాశవాణి అన్న పేరు దానిదే. 1955లో అది బెంగళూరుకు మారింది.

బూజు పట్టిన టేపు పోయినట్టే అనుకోవద్దు, చాలావరకు వస్తుంది. కానీ "వస్తుందో రాదో చూద్దాం" అని మీరు ప్లేయర్‌లో వేస్తే మాత్రం బూజు హెడ్‌కి (టేపును చదివే భాగానికి) అంటుకుని తర్వాత వేసే క్యాసెట్‌కి కూడా పాకుతుంది. గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటే టేపు పాడైందని కాదు, హెడ్ పక్కనున్న చిన్న స్క్రూ కాస్త తిప్పితే చాలాసార్లు తేటపడుతుంది.

ఇంకొకటి, ఇది ఇవాళే చేయండి. క్యాసెట్ వీపు మీద రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి. ఏ వైపూ వినకముందే స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండూ విరగ్గొట్టేయండి, అప్పుడు రికార్డ్ బటన్ దిగదు. పోయిన నెలలో ఒక పెద్దాయన ప్లే అనుకుని రెండు బటన్లూ కలిపి నొక్కారు. తప్పెట పాటలో ఇరవై సెకన్లు ఇప్పుడు ఆయన హాల్లో ఫ్యాన్ చప్పుడు.