మల్లికి ఇప్పుడు ఇల్లు ఎత్తయింది

చిన్నోడికీ, చిట్టితల్లికీ,

మీ ఉత్తరం అందింది. సగం ఉత్తరం మీ పిల్లి మల్లి మీద చాడీలే. బద్ధకం పెరిగిందని, ఎత్తుకోబోతే గీరుతోందని, ఇసుక డబ్బాలో కాకుండా పక్కన పాడుచేస్తోందని, మీ అమ్మకు అదో టెన్షన్ అయిందని రాశారు. చాడీలన్నీ కలిపి చదివితే నాకు ఇంకో సంగతి తోచింది. దానికి బద్ధకం కాదు, కీళ్లనొప్పులు వచ్చి ఉంటాయి.

మల్లికి 13 ఏళ్లు. పిల్లి మొదటి రెండేళ్లలోనే మనిషి 24 ఏళ్లకు ఎదిగినంత ఎదుగుతుందని, ఆ తర్వాత ఏడాదికి నాలుగేళ్ల చొప్పున కలపాలని ఒక లెక్క ఉంది. వేసి చూడండి, 68 వస్తుంది. దాదాపు నా ఈడుదే! ఎముకల చివర్ల నున్నగా ఒక పొర ఉంటుంది. మన దగ్గర దాన్నే గుజ్జు అంటారు. అది అరిగిపోతే ఎముకలు సాఫీగా కదలక కీలు వాస్తుంది, బిగుసుకుంటుంది. పిల్లులకు ఎక్కువగా తుంటి, మోకాలు, మోచేయి, వెన్ను పట్టేస్తాయి. 2002లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లుల్లో కీళ్ల అరుగుదల కనిపించింది. కాబట్టి మల్లికి వచ్చింది వింత రోగమేమీ కాదు.

మరి కుంటడం లేదు కదా తాతా అంటారు. కుక్క అయితే కుంటుతుంది, కుయ్యిమంటుంది. పిల్లి అట్లా బయటపడదు. ఒంటరిగా వేటాడే జీవి, పైగా తనకన్నా పెద్ద జంతువులకు తానే వేట, అందుకే నొప్పిని దాచుకుంటుంది. రెండు వైపులా ఒకేలా నొస్తే ఏ కాలు మీద కుంటుతుంది పాపం? నేనైతే మెట్లెక్కుతూ పది మందికి వినబడేలా అబ్బా అంటాను. మల్లి మెట్లెక్కడమే మానేస్తుంది.

కాబట్టి కనిపెట్టాల్సింది మీరే. అది కిటికీ అరుగు ఎక్కేటప్పుడు దూరంగా కూర్చుని చూడండి. కింద నిలబడి పైకి చూస్తుంది. వెనక కాళ్లు సర్దుకుంటుంది. ఎగరబోయి ఆగి, ఏమీ ఎరగనట్టు పంజా నాక్కుంటుంది. చివరికి కుర్చీ మీదికి ఎక్కి, అక్కడినుంచి అరుగు మీదికి పోతుంది. ఒకప్పుడు ఒక్క దుముకులో ఎక్కేది, గుర్తుందా? దిగేటప్పుడు కూడా గోడ వెంట జారినట్టు దిగుతుంది. తర్వాత తోక మొదట్లో వెంట్రుకలు చూడండి. అక్కడ ఉండలు కట్టి, చుండ్రు ఉంటే, వెన్ను తిప్పి నాక్కోలేకపోతోందన్నమాట. గోళ్లు కూడా చూడండి. చెక్కను గీకడం తగ్గితే అవి మందంగా పెరిగి, వంపు తిరిగి మెత్తటి పాదంలోకే దిగుతాయి. నడిస్తే టక్‌టక్ చప్పుడు వస్తోందంటే గోళ్లు కత్తిరించే వేళయింది.

ఇక ఇంటి సంగతి. అరిగిన గుజ్జు మళ్లీ రాదు. అందుకని ఇంటినే మల్లి ఎత్తుకు దించాలి. నన్నడిగితే మందుకన్నా ముందు చేయాల్సింది ఇదే. మొదట ఇసుక డబ్బా. దాని అంచు జానెడు ఎత్తుంది, నొప్పి కాళ్లతో దాటలేకే పక్కన పోస్తోంది. ఒక వైపు అంచును బెత్తెడు కన్నా తక్కువకు కోయించి, కోసిన చోట మందంగా టేపు వేయండి. డబ్బా మేడ మీద ఉంటే కిందికి తెండి. తిట్టకండి, ముక్కు నేలకు రాయకండి. అట్లా చేస్తే డబ్బా అంటేనే భయపడుతుంది.

మీ బాపు ముచ్చటపడి వేయించిన గ్రానైట్ అద్దంలా ఉంది, చూడ్డానికి బాగుంటుంది. ముసలి పిల్లికి మాత్రం అది జారుడు బండ. మా కొత్తవాడ జంపఖానాలు రెండు పంపిస్తున్నాను. ఆ వరంగల్ డర్రీలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకేనని సర్కారు ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. మల్లికి ఆ సంగతి అక్కర్లేదు గానీ, ఆ నేతలో గోరు పట్టు దొరుకుతుంది. తిండిగిన్నె నుంచి పడుకునే చోటు దాకా పరవండి, కింద జారకుండా రబ్బరు మ్యాట్ వేయండి. కిటికీ కింద ముక్కాలి పీట కదలకుండా వేస్తే అదే మెట్టు. తిండిగిన్నె, నీళ్లగిన్నె కొంచెం ఎత్తున పెడితే మెడ, మోచేతులు వంచే బాధ తప్పుతుంది. నీళ్లు రెండు మూడు చోట్ల ఉంచండి.

చలికాలం రాత్రుళ్లు గొంగడి నాలుగు మడతలు వేసి, గాలి తగలని మూలన పరవండి. వేడినీళ్ల సంచి పెడితే తువ్వాలలో చుట్టి ఒక పక్కకే పెట్టండి, వేడెక్కువైతే అది లేచి పోవడానికి జాగా ఉండాలి. ఎండాకాలం మన దగ్గర ఇవేమీ అక్కర్లేదు.

బరువు చూడాలి. మల్లిని ఎత్తుకుని తూకం మిషన్ ఎక్కు చిన్నోడా, తర్వాత ఒక్కడివే ఎక్కు, తీసివేత నీకొచ్చు కదా. బరువు ఎక్కువుంటే కీళ్ల మీద భారం. అట్లని పస్తు పెట్టొద్దు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వు కాలేయంలో చేరి ప్రాణం మీదికొస్తుంది. డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి తుంటి కింద. చంకల్లో పట్టి వేలాడదీస్తే గీరదా మరి?

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మనుషుల నొప్పి గోలీలు మల్లికి ఒక్క ముక్క కూడా వేయొద్దు. పారాసిటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి చాలినంత లేదు. రక్తం ప్రాణవాయువును మోయలేక చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, మొహం వాస్తుంది. ఒక్క గోలీ చాలు చంపడానికి. పొరపాటున మింగితే తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. వాతానికి మంచిదని ఎవరైనా వెల్లుల్లి పెట్టమంటే వినకండి, పిల్లి ఎర్ర రక్తకణాలను అది పాడుచేస్తుంది. కర్పూరం నూనె, నొప్పుల బామ్ కూడా వద్దు. రుద్దిందంతా నాకి మింగుతుంది.

మందుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. నేను పశువుల దవాఖానలో చేసిన రోజుల్లో బర్రెకు నొప్పి అంటే డైక్లోఫెనాక్ సూది. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందులు కిడ్నీలు పాడై రాలిపోయాయి. 2006లో పశువులకు ఆ మందును మన దేశంలో నిషేధించారు. మన ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు కనిపిస్తే జనం అంత సంబరపడ్డది అందుకే. డైక్లోఫెనాక్ బదులు మెలాక్సికామ్ వాడమన్నారు. పిల్లుల కీళ్లనొప్పికీ డాక్టర్లు ఆ మందే చుక్కల్లెక్కన ఇస్తుంటారు. కానీ ముసలి పిల్లులకు కిడ్నీ జబ్బు ఎక్కువ, అందుకని ముందు రక్తపరీక్ష చేయాలి. నేను డాక్టర్నే అయినా ఫోన్లో డోసు చెప్పను. చెయ్యిపెట్టి చూసిన డాక్టరే చెప్పాలి. పైగా నేను చూసినవి ఎక్కువ బర్రెలు, మేకలు. మీ ఊళ్లో కుదరకపోతే మామునూరు వెటర్నరీ కాలేజీకి తీసుకొద్దాం, ఇక్కడికి దగ్గరే.

దవాఖాన బల్ల మీద భయంతో మల్లి బిగుసుకుని కూర్చుంటుంది, నడకా చూపించదు, దుముకూ చూపించదు. కాబట్టి ముందే ఇంట్లో ఫోన్లో వీడియో తీయండి. మెట్లెక్కేది ఒకటి, కిటికీ నుంచి దిగేది ఒకటి, ఇసుక డబ్బాలోకి పోయేది ఒకటి చాలు. నాకూ పంపండి. డబ్బా అంచు మాత్రం మీ బాపుతోనే కోయించండి, మీరు కత్తి పట్టొద్దు, పైలం.

ఇట్లు
మీ తాత
హనుమకొండ