కొత్త పాళీ ఎందుకు రాయనంటోంది?

మైలాపూరు, చెన్నై

చిరంజీవి చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

ముత్తాత గారి కలానికి నాన్న కొత్త పాళీ తెచ్చి వేశాడు, గొట్టం నిండా సిరా ఉంది, అయినా రెండు పంక్తులు రాసి ఎండిపోతోంది, ఎందుకు తాతయ్యా అని అడిగావు. ఫోనులో చెబితే చాలదనిపించి ఉత్తరం రాస్తున్నాను. బెంగళూరులో నీ స్నేహితులకు కూడా చదివి వినిపించు.

కలాన్ని వెల్లకిలా తిప్పి చూడు. పాళీకి కింద నల్లటి ముక్క ఒకటి ఉంటుంది. దాని పేరు నాలుక. అందరి చూపూ మెరిసే పాళీ మీదే ఉంటుంది కానీ, సిరాను మోసుకొచ్చేది ఆ నాలుకే.

మా ఇంటి కుళాయిలో కృష్ణ నీళ్లు కూడా వస్తాయని నీకు తెలుసా? శ్రీశైలంలో బయలుదేరి, మన నెల్లూరు వైపు సోమశిల, కండలేరు జలాశయాలు దాటి, అక్కడి నుంచి 177 కిలోమీటర్ల కాలువలో మా చెన్నైకి నీళ్లిచ్చే పూండి చెరువుకు చేరతాయి. 1996లో మొదటిసారి వచ్చాయి. ఆ తొలి ఏళ్లలో కండలేరులో వదిలిన నీళ్లు చాలావరకు దారిలోనే ఇంకిపోయేవి. సత్యసాయి ట్రస్టు పూనుకుని కాలువను బాగుచేయించాక రాక పెరిగింది.

ఇప్పుడు నీ కలం చూడు. గొట్టం కండలేరు. నాలుక మీది సన్నని గాడి కాలువ. పాళీ మధ్య చీలిక ఊళ్లోకి వచ్చే పైపు. కాగితమే చెన్నపట్నం. కండలేరు ఎంత నిండుగా ఉన్నా మధ్యలో గండి పడితే మా కుళాయి ఎండిపోతుంది కదా! మీ కలంలో గండి పాళీకి, నాలుకకు మధ్య పడింది. పాత నాలుక వంపు ఒకటి, కొత్త పాళీ వంపు మరొకటి. కలాన్ని కిటికీకి ఎదురుగా పెట్టి పక్క నుంచి చూడు. రెండింటి మధ్య సన్నని వెలుతురు గీత కనిపిస్తే అదే గండి.

ఆ కలం రాజమండ్రి రత్నం వారిది, 1932లో మొదలైన కలాలు. నా పదకొండో ఏట నెల్లూరులో దాన్ని గచ్చు మీద పడేసి పాళీ వంచాను. నాన్నగారు ఒక్క మాటా అనలేదు, చెయ్యి పట్టుకుని కలాల దుకాణానికి తీసుకువెళ్లారు. ఆ దుకాణదారు తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లే ఉంది. డబ్బాలోంచి ఒక్కో పాళీ తీసి, బొటనవేలి గోటి మీద మెల్లగా నొక్కి, చీలిక సమంగా విచ్చుకుంటోందో లేదో చూసేవాడు. తరువాత నాలుక మీద ఆనించి దీపానికి ఎత్తి పట్టేవాడు. వెలుతురు కనిపిస్తే పక్కన పెట్టేవాడు. అలా నాలుగు పాళీలు పోయాక అయిదోది కుదిరింది. బయట ఇంకా ముగ్గురు నిలబడి ఉన్నారు, అయినా ఆయన తొందరపడలేదు. పని నేర్చుకునేవాళ్లు ముందు నేర్చుకోవలసింది అదేనమ్మా. మొన్న దసరాకు మీ తమ్ముడి చేతిలోంచి జారేదాకా ఆ అయిదో పాళీయే రాసింది.

ఆ రోజుల్లో బడిలో సిరా అయిపోతే పక్కవాడు బల్ల మీద చుక్కలు లెక్కపెట్టి అప్పు ఇచ్చేవాడు. మర్నాడు అన్ని చుక్కలూ తిరిగి ఇచ్చేవాళ్లం. ఎగ్గొట్టినవాడికి పరీక్ష నాడు చుక్క పుట్టేది కాదు.

ఇక గండి పూడ్చడం. నాన్నను దగ్గర కూర్చోబెట్టుకో. పాళీనీ నాలుకనూ కలిపి రబ్బరు ముక్కతో పట్టుకుని తిన్నగా లాగాలి, మెలితిప్పకూడదు. రాకపోతే ఆ కొసను మాత్రం రాత్రంతా చన్నీళ్లలో ఉంచండి. ఆ నాలుక ఎబొనైటుది, అంటే రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరచినది. వేడికి కాస్త మెత్తబడుతుంది. పాళీని దాని మీద సరిగ్గా నడిమికి పెట్టి, రెండింటినీ మరిగిన నీళ్లలో కొన్ని క్షణాలు ముంచి తీసి, గుడ్డతో పట్టుకుని చల్లారేదాకా అదిమి ఉంచమను. వేడినీళ్ల పని నాన్నదే, నీది కాదు. కలం ఒంటికి మాత్రం వేడినీళ్లు తగలనివ్వకండి, నల్లరంగు వెలిసిపోతుంది. అప్పటికీ కుదరకపోతే సంక్రాంతి సెలవులకు తీసుకురా. ఇక్కడి ప్యారిస్ కార్నర్ దగ్గర జెమ్ అండ్ కంపెనీ అనే కలాల దుకాణానికి వెళ్దాం.

కండలేరు పోలిక ఒకచోట ఆగిపోతుంది. కాలువ పల్లానికే పారుతుంది. సిరాకు పల్లంతో పని లేదు. గాడి ఎంత సన్నగా ఉంటే సిరా దాని గోడలను అంతగా అంటుకుని ముందుకు పాకుతుంది, దీపపు వత్తిలో నూనె ఎక్కినట్లు. పైగా బయటికి పోయిన సిరాకు బదులుగా గాలి అదే నాలుక మీదుగా లోపలికి వెళ్లాలి. వెళ్లకపోతే సిరా ఆగిపోతుంది. అమెరికాలో వాటర్‌మన్ అనే బీమా ఏజెంటు సన్నని గాళ్లున్న నాలుకతో చేసిన కలానికి 1884లో పేటెంటు పొందాడు. అంత చిన్న గాడిలో సిరా ఒకవైపు, గాలి మరొకవైపు దారి తప్పకుండా నడుస్తున్నాయంటే ఇన్నేళ్ల తరువాత కూడా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

గొట్టంలో సిరా పోసేముందు ఒక పని చెయ్యి. పళ్లెంలో ఒక సిరా చుక్క వేసి, కడిగి ఆరబెట్టిన పాళీ కొసను దానికి తాకించు. మరో చేత్తో భూతద్దం పట్టుకుని చీలికనే చూస్తూ ఉండు. ఏం కనిపించిందో ఆ కలంతోనే రాసి పంపు.

నీ తాతయ్య