పాత గోడకు సిమెంటు, పాత నాణేనికి చింతపండు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సిమెంటు పూస్తే పాత కట్టడం గట్టిపడుతుంది.

బస్తీల్లో పాత గుళ్లు, దర్గాలు, మెట్లబావులు ఎక్కువగా పాడయ్యేది ఈ నమ్మకంతోనే. అదీ భక్తితో చందాలు వేసుకుని మరీ! 1591 నాటి చార్మినార్ అయినా, కుతుబ్‌షాహీ సమాధులైనా సున్నంతో కట్టినవే. సున్నపు గోడ పీల్చుకున్న తడిని మళ్లీ గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పడితే ఆ దారి మూసుకుపోతుంది. తడిలోని లవణాలు పొర వెనకే పేరుకుని ఉబ్బుతాయి. కొన్ని వానాకాలాలు గడిచాక సిమెంటు పెళ్లలు ఊడుతూ పాత గచ్చును కూడా లాక్కుపోతాయి.

సిమెంటు బదులు సున్నంతో బాగుచేయాలంటే, సున్నాన్ని కనీసం రెండు వారాలు నీళ్లలో మాగనివ్వాలి. సరిగా మాగని పలుకులు మిగిలితే పూత మీద బొబ్బలు లేస్తాయి. ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్లు ఇసుక, ఇటుకపొడి కలిపి గానుగలో నూరాలి. బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు పాతకాలం నుంచీ కలుపుతున్నవే. పల్చటి పొరలుగా పూసి, వారం పది రోజులు తడి గోనెపట్టాలు కప్పాలి. నడివేసవిలో మొదలుపెట్టొద్దు, త్వరగా ఆరి బీటలిస్తుంది. రక్షిత కట్టడమైతే ముందు పురావస్తు శాఖ అనుమతి తీసుకోవాల్సిందే.

అపోహ: రాకాసి గుళ్ల కింద నిధి ఉంటుంది.

రాకాసి గుళ్లంటే పెద్ద బండరాళ్లతో కట్టిన పాతకాలపు సమాధులు. హైదరాబాద్‌లోని హష్మత్‌పేట, మౌలాలీల్లో బయటపడ్డవి ఇనుప యుగపువి. వాటిలో ఉండేవి ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు. గడ్డపార దిగితే ఏ కుండ పక్కన ఏ ఎముక ఉందో చెప్పే ఆధారం శాశ్వతంగా పోతుంది.

అపోహ: పునాదిలో నాణేలు దొరికాయని చెబితే స్థలం పోతుంది.

1878 నాటి నిధుల చట్టం దొరికిన వస్తువు గురించే. విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే దొరికినవాళ్లకు రావాల్సిన వాటా పోతుంది, శిక్ష కూడా పడొచ్చు. పని ఆపి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి, ఎంత లోతులో ఉందో రాసుకోండి. చింతపండుతో మాత్రం తోమకండి! రాగి నాణెం మీది ఆకుపచ్చ చిలుముతో పాటు అక్షరాలూ కరిగిపోతాయి.

అపోహ: రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు ఇల్లుంటే కారే కప్పు కూడా బాగుచేసుకోకూడదు.

గోల్కొండ లాంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం. ఉన్న ఇంటి మరమ్మతుకు అనుమతి అడగొచ్చు. ఆ తర్వాతి 200 మీటర్లలో కొత్త ఇంటికి కూడా అనుమతి అడగొచ్చు. ఈ ముక్క ఇంటింటికీ చెప్పకపోవడం వల్లే చుట్టుపక్కల వాళ్లకు కోటగోడ పగదానిలా కనిపిస్తోంది.