ఒకే పొలానికి మూడుసార్లు వెళ్ళండి

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

వచ్చే వారం మిమ్మల్ని పొలానికి తీసుకువెళుతున్నారని, ఆ సంగతి తెలిసినప్పటి నుంచి తరగతిలో వేరే మాటే లేదని మీ ఉత్తరంలో చదివి ముచ్చటపడ్డాను. అక్కడ ఏమేమి చూడాలో చెప్పమన్నారు. తప్పక చెబుతాను, కాని ముందుగా నాదొక కోరిక. ఒక్కసారి వెళ్ళి వచ్చి ఊరుకోకండి. విత్తేటప్పుడు ఒకసారి, పైరు పూత మీద ఉన్నప్పుడు ఒకసారి, కోతలప్పుడు మరోసారి అదే పొలానికి తీసుకువెళ్ళమని మీ ఉపాధ్యాయులను అడగండి. ఒక్కసారే వెళితే పైరు కనబడుతుంది గాని, అది ఎలా ఎదిగిందో తెలియదు.

విత్తే రోజుల్లో వెళితే ఖాళీ నేల తప్ప ఏమీ ఉండదని కొందరు పెదవి విరుస్తారు. నన్నడిగితే ఆ ఖాళీ నేలనే అన్నిటికంటే శ్రద్ధగా చూడాలి. రైతును అడిగి, గట్టు పక్కన జానెడు లోతున ఒక చిన్న గొయ్యి తవ్వించండి. ఆ మట్టిని పిడికిట్లోకి తీసుకుని నొక్కితే ముద్దగా నిలిచి, వేలితో కదపగానే పొడిపొడిగా విడిపోయిందంటే నేల పదునులో ఉందన్నమాట. తడి ఎక్కువైతే మట్టి చేతికి అంటుకుపోతుంది, ఆరిపోతే ముద్దే కాదు. విత్తనం ఏ రోజు వేయాలో రైతుకు చెప్పేది ఈ పదునే.

ఆ మట్టిని కొంచెం ఒక గాజు సీసాలో మూడో వంతు వరకు పోసి, మిగతా భాగం నీళ్ళతో నింపి, మూత బిగించి రెండు మూడు నిమిషాలు బాగా గిలకొట్టండి. తరువాత కదపకుండా కిటికీ దగ్గర పెట్టండి. నిమిషం గడిచేసరికి ఇసుక అడుగుకు చేరుతుంది. దాని మీద ఒండ్రు పేరుకోవడానికి గంటలు పడుతుంది. బంకమన్ను మాత్రం మరునాటికి కూడా పూర్తిగా దిగదు, నీళ్ళను మసకగానే ఉంచుతుంది. పైన తేలే నల్లటి నలుసులు ఒకప్పటి ఆకులు, వేళ్ళు. మీరు అంతవరకు ఒకే వస్తువు అనుకున్న మన్ను పొరలు పొరలుగా విడిపోవడం చూస్తే, ఒక పొలంలో నీళ్ళు వెంటనే ఇంకిపోయి, పక్క పొలంలో ఎందుకు నిలిచిపోతాయో ఎవరూ చెప్పనవసరం లేదు.

గొయ్యి తవ్వినప్పుడు వానపాములు కనబడవచ్చు. ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. మొదటిసారి పిల్లలను పొలానికి తీసుకువెళ్ళినప్పుడు, వానపాములు చూపిస్తానని గొప్పగా చెప్పి, మిట్టమధ్యాహ్నం ఎండలో బయలుదేరాను. పైమట్టి ఎండిపోవడంతో అవన్నీ లోతుకు వెళ్ళిపోయాయి, ఒక్కటీ దొరకలేదు. అందుచేత మీరు ఉదయమే వెళ్ళండి. ఛార్లెస్ డార్విన్ అనే శాస్త్రవేత్త ఈ చిన్న జీవులను ఏళ్ళ తరబడి గమనించి, 1881లో వాటి గురించి ఒక పుస్తకమే ప్రచురించాడు. ఇంగ్లండులో చాలాచోట్ల ప్రతి ఎకరంలోనూ ఏడాదికి పది టన్నులకు పైగా మట్టి వాటి శరీరాల గుండా సాగి నేల మీదికి వస్తుందని లెక్క కట్టాడు. వాటి దగ్గర సంగీతం వాయించి కూడా చూశాడు. అవి వినలేవు గాని, కుండీని పియానో మీద పెట్టి వాయిస్తే ఆ అదురుకు బొరియల్లోకి దూరిపోయేవట.

రెండోసారి పూత సమయంలో వెళ్ళినప్పుడు చిక్కుడు జాతి మొక్కను ఒక్కదాన్ని, అదీ రైతు ఇచ్చినదాన్నే, వేళ్ళు తెగకుండా మట్టితో పెకలించి నీళ్ళలో కడగండి. వేళ్ళకు ఆవగింజల్లాంటి బుడిపెలు ఉంటాయి. అది తెగులు కాదు. గాలిలో 78 శాతం నత్రజనే అయినా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. ఆ బుడిపెల్లో కాపురముండే సూక్ష్మజీవులు దాన్ని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మారుస్తాయి, బదులుగా మొక్క వాటికి చక్కెర పెడుతుంది. ఒక బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే అది పని చేస్తున్నట్టే. మన రక్తానికి ఎరుపునిచ్చే పదార్థానికి దగ్గరి చుట్టమైన పదార్థమే ఆ రంగుకు కారణం. కోతల నాటికి ఇవి చాలావరకు వడలిపోతాయి, కాబట్టి పూత రోజులే వీటిని చూడటానికి తగినవి.

అదే రోజు ఒక్కొక్కరు ఒక్కొక్క మొక్క ముందు పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. తేనెటీగ వెనుక కాళ్ళకు పుప్పొడి ముద్దలు కనబడతాయి. లేత చిగుళ్ళ మీద గుంపుగా పట్టిన పేనుబంక అనే చిన్న పురుగులు రసం పీలుస్తుంటే, అక్షింతల పురుగు వచ్చి వాటిని తింటుంది. రైతులు ఇలాంటివాటిని మిత్రపురుగులు అంటారు. పురుగుమందు కొడితే చాలాసార్లు ఇవి కూడా చచ్చిపోతాయి, అప్పుడు పేనుబంక మరింత జోరుగా తిరిగి వస్తుంది. కనబడిన పురుగునల్లా చంపాలనుకోవడం ఎందుకు తెలివైన పని కాదో మీకే అర్థమవుతుంది. మందు డబ్బాలు కనబడితే మాత్రం ముట్టుకోవద్దు.

మూడోసారి చేయవలసింది తక్కువే. ఒక మొక్కకు ఎన్ని గింజలు వచ్చాయో లెక్కపెట్టండి, అవన్నీ ఒకే గింజ నుంచి వచ్చినవని గుర్తు పెట్టుకోండి. కోత కోసేవారిని ఒక పూట ఎంత పని చేస్తారో అడగండి. వారు నడుము వంచి పని చేస్తున్నప్పుడు అడ్డుపడకుండా, విశ్రాంతికి కూర్చున్నప్పుడే అడగండి.

వెళ్ళేటప్పుడు ఆ సీసాను కూడా తీసుకువెళ్ళి, మొదటిసారి తవ్విన చోటే మట్టిని తిరిగి పోసి రండి.

ఇట్లు,
మీ తాతయ్య