పాలమూరు వలసను ఎవరు లెక్కపెట్టారు?

వాతావరణం మారితే జనం ఊళ్లు వదలాల్సి వస్తుందన్న హెచ్చరిక ప్రపంచానికి గట్టిగా వినిపించింది 1990లో. వాతావరణ మార్పు దెబ్బ అన్నింటికన్నా ఎక్కువగా మనుషుల వలసలోనే కనబడవచ్చని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ ఆ ఏడాది తన తొలి నివేదికలో రాసింది. అప్పటికి పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా) కూలీలు తరాలుగా మూటాముల్లె కట్టుకుని తిరుగుతూనే ఉన్నారు. నాగార్జునసాగర్, శ్రీశైలం పనుల్లో రాళ్లెత్తినవాళ్లలో వాళ్లున్నారు. రోడ్డయినా కాలువయినా, మట్టి పని ఉన్న చోటల్లా 'పాలమూరు లేబర్' అన్న పేరు వినిపించేది.

కారణం అడిగితే కరువు అంటారు. అది నిజమే కానీ సగం నిజం. పడమటి పాలమూరులో ఏడాది వాన 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. చల్క (ఎర్ర ఇసుక) నేలలు తేమను ఎక్కువ రోజులు నిలుపుకోవు. అయితే ఒకే ఊళ్లో, ఒకే వాన తప్పినప్పుడు ఒక ఇల్లు కదులుతుంది, పక్కిల్లు కదలదు. ఆ తేడా, కూలీలను కూడగట్టి పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు దగ్గర తెలుస్తుంది. పెళ్లికో, ఆస్పత్రికో, ఎండిన బోరు పక్కన ఇంకో బోరు వేయడానికో తీసుకున్న డబ్బు అది. అది తీరేదాకా ఆలుమగలిద్దరూ మేస్త్రీ చెప్పిన చోట పని చేయాలి. వాన తప్పడం ముందు అప్పుగా మారుతుంది, ఆ అప్పు వలసగా మారుతుంది. అప్పు అనే ఈ నడిమి మెట్టును వదిలేసి వర్షపాతం పట్టికనూ వలస పట్టికనూ పక్కపక్కన పెట్టే పరిశోధన మన ఊళ్లను అర్థం చేసుకోలేదని నా నమ్మకం.

ఆ మెట్టును చూడాలంటే ఒకే ఇంటిని ఏళ్ల తరబడి గమనించాలి. ఆ పని ఇక్కడే జరిగింది. 1975లో మెట్ట పంటలపై పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ ఎంచుకున్న ఆరు ఊళ్లలో రెండు, అవురుపల్లి, డోకూరు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి. అవే కుటుంబాల పంట, కూలి, అప్పు వివరాలు ఏటా రాసుకున్నారు. మధ్యలో ఆగిన సర్వే 2001లో మళ్లీ మొదలైంది. అప్పటికి డోకూరును వరుస కరువులు కుంగదీశాయి. ఒకప్పుడు చెరువు కింద వరి పండించిన ఆ ఊరికి బయటి కూలి పెద్ద ఆధారమైంది. ప్రపంచమంతా పేదరికం గురించి చదివే పరిశోధకులకు ఈ రెండు ఊళ్ల పేర్లు తెలుసు. మన బడిపిల్లలకూ తెలియాలి.

నీళ్లు తెచ్చే అభివృద్ధి కూడా జనాన్ని కదిలించింది. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. 1981లో కొల్లాపూర్ వైపు ఇళ్లు ఖాళీ అయ్యాయి. కృష్ణ ఒడ్డున సొంత భూమి ఉన్నవాళ్లు కూలీలయ్యారు.

తర్వాత భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చాయి. కాలువ పారిన చోట వరి పెరిగింది. ఇప్పుడు నాట్లకు బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి కూలీలు మన దగ్గరికి వస్తున్నారు. వాళ్ల వెనుకా ఏదో మేస్త్రీ, ఏదో అప్పు ఉండే ఉంటాయి. నారాయణపేట, కోస్గి వైపు మెట్ట ఊళ్ల నుంచి, తండాల నుంచి మాత్రం బొంబాయి, పుణె ప్రయాణాలు పూర్తిగా ఆగలేదు.

ఇంత చరిత్ర ఉన్నా లెక్క మాత్రం సరిగ్గా లేదు. 2011 జనగణన దేశంలో 45 కోట్ల మందికి పైగా వలసదారులని చెప్పింది. వాళ్లలో సగానికి దగ్గరగా పెళ్లయి అత్తింటికి వెళ్లిన ఆడవాళ్లే. దసరా దాటాక పోయి మృగశిర కార్తెకు తిరిగొచ్చే మనిషి రాకపోకలు ఆ ప్రశ్నలకు అందవు. 2007-08 జాతీయ నమూనా సర్వే స్వల్పకాల వలసను విడిగా అడిగింది కానీ, నెలకు తగ్గకుండా, ఆరు నెలల లోపు వెళ్లినవాళ్లనే ఆ కింద లెక్కపెట్టింది. ఎనిమిది నెలలు ఇటుకబట్టీలో ఉన్న కుటుంబం ఆ గడిలో పట్టదు.

2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 10.7వది, వలస సురక్షితంగా, పద్ధతిగా సాగాలని కోరుతుంది. దాన్ని పాలమూరులో కొలవాలంటే ఇంటింటా మూడు ప్రశ్నలు చేర్చాలి: ఏ నెలలో పోయారు, ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలారు. 2027 జనగణన దగ్గరపడింది. ఊళ్లో ఏ ఇంటికి తాళం పడిందో పంచాయతీకి తెలుసు కాబట్టి, ఈ లెక్క ముందు అక్కడే మొదలుపెట్టవచ్చు.