ఆపదొస్తే పెరిగే మద్యం ఫీజు, 2020లో తగ్గింది

2020 వసంతం నుంచి అమెరికాలోని చాలా ఊళ్ళ మునిసిపల్ కౌన్సిళ్ళ ముందుకు దాదాపు ఒకే రకం తీర్మానాలు వచ్చాయి. బార్లు, రెస్టారెంట్లు ఏటా కట్టే మద్యం లైసెన్సు ఫీజును ఈసారికి తగ్గించడమో, మాఫీ చేయడమో, కనీసం గడువు పొడిగించడమో వాటి సారాంశం. కరోనాతో మూతపడ్డ వ్యాపారాలకు కాస్త ఊపిరి ఇవ్వాలన్నది ఉద్దేశం. మద్యం లైసెన్సుల చరిత్ర తెలిసినవాళ్ళకు మాత్రం ఇది వింతగా తోస్తుంది. అంతకు ముందు మూడు వందల ఏళ్ళలో యుద్ధం వచ్చినా, మాంద్యం వచ్చినా ప్రభుత్వాల చూపు ముందుగా పడింది మద్యం మీదే. కష్టకాలంలో ఖజానా నింపడానికి దానికంటే సులువైన దారి వాళ్ళకు కనిపించలేదు. ఈసారి మాత్రం రావలసిన డబ్బునే వదులుకున్నారు.

అసలు లైసెన్సు పుట్టింది రాబడి కోసం కాదు. 1552లో ఇంగ్లండ్ పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం బీరు అమ్మాలంటే స్థానిక న్యాయాధికారులు ఇద్దరి అనుమతి ఉండాలి, సక్రమంగా నడుపుతానని పూచీకత్తు రాసివ్వాలి. ఊళ్ళో అల్లర్లు, జూదం అదుపులో ఉంచడమే వాళ్ళకు కావలసింది. లైసెన్సు ఎవరికివ్వాలో ఊరి పెద్దలే తేల్చాలన్న పద్ధతికి మూలం అక్కడే ఉంది. ఆ పద్ధతి తర్వాత సముద్రం దాటి అమెరికా వలసలకు చేరింది.

ఫీజునే ఆయుధంగా వాడాలన్న ఆలోచన తర్వాత వచ్చింది. లండన్‌లో జిన్ అనే ఘాటు సారాయి తాగుడు విపరీతంగా పెరిగిపోయిందని 1736లో జిన్ చట్టం తెచ్చారు. చిల్లరగా అమ్మేవాళ్ళు ఏడాదికి 50 పౌండ్ల లైసెన్సు తీసుకోవాలి. ఆ రోజుల్లో చిన్న వ్యాపారి కలలో కూడా కట్టలేని సొమ్ము అది. అందుకే లైసెన్సు తీసుకున్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అమ్మకం ఆగలేదు, దొంగచాటుగా సాగింది. జనం వీధుల్లోకి వచ్చి గొడవ చేశారు. 1743లో ఆ చట్టాన్ని వదిలేసుకోక తప్పలేదు. మరీ పెద్ద ఫీజు పెడితే మద్యం పోదని, లైసెన్సే పోతుందని అప్పుడే తేలిపోయింది. ఆ సంగతిని తర్వాతి తరాలు గుర్తు పెట్టుకోలేదన్నది వేరే విషయం.

అమెరికాలో అబ్రహం లింకన్ ప్రభుత్వం మద్యం ఫీజును యుద్ధ ఖర్చుకు వాడుకుంది. అంతర్యుద్ధం నడుస్తుండగా 1862 జులై 1న వచ్చిన రెవెన్యూ చట్టం సారాయి మీద గ్యాలన్‌కు 20 సెంట్లు, బీరు పీపాకు ఒక డాలరు పన్ను వేసింది. చిల్లర మద్యం వ్యాపారి ఏటా 20 డాలర్లు కట్టి ఫెడరల్ లైసెన్సు తీసుకోవాలి. ఈ లైసెన్సు చేతిలో ఉంటే రాష్ట్రం అనుమతి అక్కర్లేదని కొందరు వాదించారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కేంద్రం తీసుకునేది పన్ను మాత్రమేనని, ఊళ్ళో అమ్మాలా వద్దా అన్నది రాష్ట్రాలు తేల్చుకోవాలని 1860ల్లోనే చెప్పేసింది. యుద్ధం 1865లో ముగిసినా, మద్యం వ్యాపారుల మీద ఏటా వేసే ఆ తరహా ఫెడరల్ పన్ను పూర్తిగా రద్దయింది 2008 జులైలో. తాత్కాలికం అని వచ్చినవాటికి ఆయుష్షు ఎక్కువ.

1880ల్లో ఫీజు కథ ఇంకో మలుపు తిరిగింది. మద్యాన్ని పూర్తిగా నిషేధించాలనేవాళ్ళు ఒకవైపు, వద్దనేవాళ్ళు ఇంకోవైపు తలపడుతుంటే, మధ్యే మార్గంగా ఫీజు బాగా పెంచితే చాలన్న వాదం బలపడింది. నెబ్రాస్కా 1881లో చిన్న ఊళ్ళకు 500 డాలర్లు, 10,000 జనాభా దాటిన నగరాలకు 1,000 డాలర్లు కనీస ఫీజుగా పెట్టింది. షికాగో 1906లో 500ను 1,000 చేసింది. చిన్నాచితకా బార్లు మూతపడతాయి, మిగిలినవాళ్ళు మర్యాదగా నడుపుతారు, నగరానికి డబ్బు వస్తుంది అని లెక్క వేసుకున్నారు.

డబ్బయితే వచ్చింది. మర్యాద మాత్రం రాలేదు. అంత ఫీజు సొంతంగా కట్టలేని బారు యజమాని బీరు కంపెనీ గుమ్మం తొక్కాడు. కంపెనీ ఫీజు కట్టింది, సామగ్రి ఇచ్చింది, బదులుగా తన బీరే అమ్మాలని షరతు పెట్టింది. అప్పు తీర్చడానికి అతను ఇంకా ఎక్కువ అమ్మాలి, ఆదివారాలు కూడా తెరవాలి, కావాలంటే వెనక గదిలో జూదమూ నడపాలి. తాగుడు తగ్గించడానికి పెట్టిన ఫీజు తాగించక తప్పని పరిస్థితి తెచ్చింది. న్యూయార్క్ 1896లో లైసెన్సుల అధికారాన్ని స్థానిక బోర్డుల నుంచి రాష్ట్రానికి లాక్కుని, మహానగరంలో ఫీజు 800 డాలర్లు చేసింది. ఆదివారం హోటళ్ళకు మాత్రమే అమ్మే వీలిచ్చి, హోటల్ అంటే కనీసం పది పడక గదులుండాలంది. అంతే, బార్ల పైన రాత్రికి రాత్రే పడక గదులు వెలిశాయి. ఆ గదుల్లో ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు.

ఇన్ని చూశాక జనానికి విసుగొచ్చి 1920లో జాతీయ మద్యనిషేధం అమల్లోకి రావడం, పదమూడేళ్ళు అవస్థపడటం తెలిసిన కథే. ఇక్కడ పనికొచ్చేది దాని ముగింపు. మహామాంద్యంలో ఆదాయపు పన్ను వసూళ్ళు పడిపోయి, ఉద్యోగాలు పోయి జనం రోడ్డున పడ్డారు. అలాంటప్పుడు మద్యం మీద వచ్చే పన్ను, అది ఇచ్చే ఉపాధి రెండూ కళ్ళముందు కనిపించాయి. 1933 మార్చి 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకంతో తక్కువ ఘాటు బీరుకు అనుమతి వచ్చింది. డిసెంబరు 5న 21వ రాజ్యాంగ సవరణ నిషేధాన్నే రద్దు చేసింది. మళ్ళీ అదే, ఆపద వచ్చింది, ఖజానా మద్యం వైపు తిరిగింది.

ఆ సవరణ మద్యం మీద పెత్తనాన్ని రాష్ట్రాలకు వదిలింది. రాష్ట్రాలు తమకు తోచినట్టు దాన్ని పంచాయి. ఇల్లినాయ్‌లో ఊరి మేయరే స్థానిక మద్యం కమిషనర్. మేరీల్యాండ్‌లో కౌంటీ (మన జిల్లా లాంటిది) స్థాయి బోర్డులుంటాయి. న్యూజెర్సీలో బారు లైసెన్సు ఇచ్చేది మునిసిపాలిటీ. టెక్సాస్‌లో పర్మిట్ రాష్ట్రానిది, కానీ రాష్ట్రం తీసుకునే ఫీజులో సగం దాకా నగరమూ, కౌంటీ కూడా వేసుకోవచ్చు. 2020లో ఊరట ఒక్కో ఊళ్ళో ఒక్కోలా ఉండటానికి కారణం ఈ అల్లికే.

2020 మార్చి 15న ఒహాయో బార్లను, రెస్టారెంట్లలో కూర్చుని తినడాన్ని ఆపేసింది. ఒకట్రెండు రోజుల్లో చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. మార్చి 17న వచ్చే ఐరిష్ పండగ సెయింట్ ప్యాట్రిక్స్ డే కోసం సరుకు దింపుకుని కూర్చున్న బార్లకు ఆ పండగే లేకుండా పోయింది. మిషిగన్ ప్రభుత్వమైతే ఏప్రిల్లో బార్ల దగ్గర మిగిలిన సారాయి సీసాలను తిరిగి కొంటానని ముందుకొచ్చింది. సరిగ్గా ఈ సమయంలోనే రెన్యువల్ నోటీసులు వచ్చాయి. న్యూజెర్సీలో, విస్కాన్సిన్‌లో లైసెన్సు ఏడాది జులై 1న మొదలవుతుంది. తలుపులు మూయించిన ప్రభుత్వమే, తలుపులు తెరిచే హక్కుకు డబ్బు కట్టమంటోంది. వ్యాపారుల కడుపుమంట అర్థం చేసుకోదగ్గదే.

కౌన్సిళ్ళకు మాత్రం పూర్తి స్వేచ్ఛ లేదు. న్యూజెర్సీలో బారు లైసెన్సు వార్షిక ఫీజు 250 నుంచి 2,500 డాలర్ల మధ్య ఎంత ఉండాలో ఊరే తేల్చుకుంటుంది. పైగా ఒక ఏడాదిలో పెంపు 20 శాతం లేదా 500 డాలర్లు, ఏది తక్కువైతే అంతకు మించకూడదు. ఇప్పుడు బాగా తగ్గిస్తే రేపు ఒక్కసారిగా పాత అంకెకు తీసుకురావడం కష్టమన్నమాట. విస్కాన్సిన్‌లో బారు మద్యం లైసెన్సుకు కనీసం 50, గరిష్ఠం 500 డాలర్లు అని చట్టమే రాసింది. కౌన్సిల్‌కు ఎంత దయ ఉన్నా సున్నా చేసే వీల్లేదు. ఇక చాలా రాష్ట్రాల రాజ్యాంగాలు ప్రజాధనాన్ని ప్రైవేటువాళ్ళకు ఉచితంగా ఇవ్వకూడదంటాయి. అందుకే కట్టేసిన ఫీజు వాపసు అనే మాట దగ్గర వకీళ్ళు తటపటాయించారు. వచ్చే ఏడాది ఫీజు తగ్గించడం, మూసి ఉన్న నెలలకు లెక్కగట్టి మినహాయించడం, గడువు జరపడం సురక్షితమైన దారులయ్యాయి. న్యూజెర్సీ పాత లైసెన్సుల కాలాన్ని 2020 సెప్టెంబరు 30 దాకా పొడిగించింది.

ఎవరికి తగ్గించాలన్నది ఇంకో చిక్కు. ఇంటికి పట్టుకెళ్ళే మద్యం అమ్మే దుకాణాలు లాక్‌డౌన్‌లోనూ చాలా రాష్ట్రాల్లో తెరిచే ఉన్నాయి, బేరాలు పెరిగాయి కూడా. పెన్సిల్వేనియాలోలా మార్చిలో ప్రభుత్వ మద్యం దుకాణాలు మూసినచోట్లు అరుదు. కాబట్టి ఊరట అక్కడే కూర్చుని తాగే లైసెన్సులకు మాత్రమే ఇవ్వడం సబబు. అందరికీ సమానంగా తగ్గించి ఉంటే అది ఊరట కాదు, బహుమతి.

నిజం చెప్పాలంటే ఈ తగ్గింపుతో ఏ బారూ బతికిపోలేదు. నెల అద్దె ముందు ఏడాది లైసెన్సు ఫీజు చిన్నదే. న్యూజెర్సీలో అసలు ఖరీదు ఫీజులో లేదు. 3,000 జనాభాకు ఒక్క బారు లైసెన్సే అన్న నిబంధన వల్ల చేతులు మారేటప్పుడు అదే కాగితం లక్షల డాలర్లు పలుకుతుంది. అయినా కౌన్సిళ్ళు ఫీజు మీదే ఎందుకు పడ్డాయంటే, వాళ్ళ చేతిలో ఉన్నవాటిలో వెంటనే మార్చగలిగినది అదే. అద్దె వాళ్ళ చేతిలో లేదు, చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే పథకం వాషింగ్టన్‌లోని ఫెడరల్ ప్రభుత్వానిది. 349 బిలియన్ డాలర్ల ఆ పథకం మొదటి విడత 2020 ఏప్రిల్ 16కే అయిపోయింది. పైగా వదులుకున్న ఫీజు భారం ఊరిమీదే పడింది. 2020 మార్చిలో ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ఇచ్చిన 150 బిలియన్ డాలర్లను పోయిన రాబడి భర్తీకి వాడకూడదని షరతు ఉంది. ఆ వెసులుబాటు 2021 మార్చి చట్టంతో గానీ రాలేదు.

ఇంగ్లండ్‌లో ఈ పాటి స్వేచ్ఛ కూడా లేదు. అక్కడ 2003 లైసెన్సింగ్ చట్టం కింద ఫీజు అంకెలు పై ప్రభుత్వం నిర్ణయిస్తుంది, కౌన్సిల్ వసూలు చేస్తుంది. తగ్గించే అధికారం లేనప్పుడు వేరే తలుపు తెరిచారు. 2020 వేసవిలో వచ్చిన చట్టం పబ్బులకు మద్యం బయటికి అమ్మే వీలిచ్చింది, ఫుట్‌పాత్ మీద బల్లలు వేసుకునే లైసెన్సు ఫీజు 100 పౌండ్లు దాటకూడదంది.

అమెరికాలో ఫీజు తగ్గింపులు ఎక్కువగా ఒక రెన్యువల్‌తో ముగిసేలా రాసుకున్నవే. నిలబడినవి వేరే. బార్లు కాక్‌టెయిల్‌ను (కలిపి ఇచ్చే మద్యం) పార్సిల్‌గా అమ్మే వీలును అయోవా 2020 జూన్‌లోనే శాశ్వతం చేసింది. న్యూయార్క్ 2021లో ఆపేసి, 2022లో మళ్ళీ అనుమతించింది. ఇంగ్లండ్‌లో ఫుట్‌పాత్ బల్లల పద్ధతి 2024 మార్చి 31 నుంచి శాశ్వతమైంది. దాంతోపాటే గరిష్ఠ ఫీజు 100 పౌండ్ల నుంచి కొత్త లైసెన్సుకు 500కు, రెన్యువల్‌కు 350కి పెరిగింది.