మిగిలిన వాల్‌పేపర్ పారేయకండి

చిరంజీవులకు ఆశీస్సులు.

గోడకు అంటించగా మిగిలిన వాల్‌పేపర్ ముక్కల్ని పారేద్దామా అని అడిగారుగా. వద్దు! మామూలు రోల్ 53 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు ఉంటుంది. పక్కపక్క పట్టీల్లో డిజైన్ కలవాలంటే కొంత కత్తిరించక తప్పదు, అందుకే ఎంతోకొంత మిగులుతుంది. నన్నడిగితే అసలు సరదా ఆ మిగిలినదాంతోనే. గోడంటే నిచ్చెన కావాలి, పెద్దవాళ్ల పర్మిషన్ కావాలి. సొరుగు అడుక్కి అవేం అక్కర్లేదు. లోపలి కొలతకన్నా రెండు మిల్లీమీటర్లు తక్కువగా కత్తిరించి, జిగురు లేకుండా ఊరికే పరిచేయండి. మాసిపోతే తీసి ఇంకోటి వేసుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది పుస్తకాల షెల్ఫ్ వెనకభాగం. కాగితాన్ని నేరుగా చెక్కకు అంటించకండి. ఒక్కో అర వెనకభాగం కొలతకు సరిపోయేలా అట్ట కోసి, దానికి అంటించి, ఆ అట్టను వెనక నిలబెట్టండి. ఒకవైపే అంటిస్తే ఆరేటప్పుడు అట్ట వంకర తిరుగుతుంది. రెండోవైపు కూడా ఏదో ఒక కాగితం అంటించి, బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచితే తిన్నగా ఉంటుంది.

మీ కాగితం మీద పొడవాటి తీగ ఉందిగా, దానికో కిటుకు చెప్తాను. అన్ని అరలకూ ఒకే పొడవాటి ముక్కలోంచి పైనుంచి కిందికి వరసగా కత్తిరించండి. అరల మధ్య చెక్క మందం రెండు సెంటీమీటర్లయితే, ప్రతి రెండు ముక్కల మధ్యా కాగితంలో రెండు సెంటీమీటర్లు కోసి తీసేయండి. అప్పుడు తీగ చెక్క వెనక నుంచి దిగి కింది అరలో మళ్లీ పైకి తేలినట్టు కనిపిస్తుంది. ఆ రెండు సెంటీమీటర్లు మర్చిపోతే కొమ్మ ఎక్కడికక్కడ విరిగినట్టుంటుంది.

చిన్న వస్తువులకు డిజైన్‌లో ఏ భాగం బాగుంటుందో తేలడం కష్టం. అట్టలో ఆ సైజు కిటికీ ఒకటి కోసి, కాగితం మీద అటూ ఇటూ జరిపి చూడండి. ఒక్క ఆకు, సగం పిట్ట కూడా ఫ్రేములో పెడితే బొమ్మలా నిలుస్తాయి. నోటుబుక్కు అట్టలకు, కవర్లకు మామూలు కాగితం రకమే మంచిది. వినైల్ రకం, అంటే ప్లాస్టిక్ పూత ఉన్నది, మడత దగ్గర మొండికేస్తుంది. అయితే తడిగుడ్డతో తుడవొచ్చు కాబట్టి, కాళ్లు తగిలే మెట్ల నిలువు భాగాలకు అదే సరి.

కాగితం రకానికి జిగురు రాయగానే తడికి సాగుతుంది. కొన్ని నిమిషాలు ఆగి అంటిస్తే ముడతలు తక్కువ. స్టవ్ దగ్గర, వేడెక్కే బల్బు చుట్టూ, స్విచ్‌బోర్డు మీద మాత్రం అంటించొద్దు. బ్లేడు పని అమ్మకో నాన్నకో వదిలేయండి.

అన్నట్టు, ఇలా అతుకుల్లేని పొడవాటి రోల్ ఎప్పుడూ ఉన్నది కాదు. 1799లో ఫ్రాన్సులో లూయీ నికొలా రాబేర్ పొడవాటి కాగితం తీసే యంత్రానికి పేటెంటు పొందాడు. అంతకుముందు చిన్న కాగితాల్ని ఒకదానికొకటి అతికించి పట్టీలు చేసేవాళ్లు. ముక్కలతో మీరు చేయబోయేది పాత పనే!

అన్నీ వాడేయకండి సుమా. గోడ మీద ఎక్కడైనా చిరిగితే అతుక్కి ఒక పెద్ద ముక్క ఉంచండి. అతుకు అంచును కత్తెరతో కాకుండా చేత్తో చింపితే గోడలో కలిసిపోతుంది. రోల్ లేబుల్‌ మీద బ్యాచ్ నంబరుంటుంది. బ్యాచ్ మారితే రంగు కూడా కాస్త మారొచ్చు కాబట్టి ఆ లేబుల్‌ని కూడా ముక్కతోపాటే చుట్టి నాన్నకివ్వండి.

మీ
అమ్మమ్మ